కల్పిత జాలాలు: ఈథర్‌నెట్ స్విచ్చిలో గీసిన గీతల కథ

వృత్తిరీత్యా నేను వారానికి రెండు మూడుసార్లయినా చేసే పని ఒకటుంది. నల్లని తెర మీద ఈ అయిదు వరుసలు టైపు చేస్తాను:

వీలాన్ 20
నేమ్ లెక్కలు
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/7
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 20

ఇవి నెట్‌వర్కు స్విచ్చి అనే పెట్టెకు ఇచ్చే ఆదేశాలు. (నిజానికి వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, మన లిపి ఆ పెట్టెకు ఇంకా రాదు.) మొదటి రెండు వరుసలూ "లెక్కలు" అన్న పేరుతో ఇరవయ్యో నంబరు విభాగాన్ని సృష్టిస్తాయి. తక్కిన మూడూ ఆ పెట్టెకున్న పోర్టుల్లో ఏడవదాన్ని ఆ విభాగానికి అప్పగిస్తాయి. చివరి వరుస తరువాత ఎంటరు నొక్కిన క్షణం నుంచి ఏడో పోర్టుకు తగిలించిన కంప్యూటరూ, దాని పక్కనే ఎనిమిదో పోర్టుకు తగిలించిన కంప్యూటరూ వేరు వేరు ఊళ్ళలో ఉన్నట్లే. ఒకదాని మాట మరొకదానికి వినబడదు. తీగ ఏదీ తెంపలేదు, కొత్త తీగ ఏదీ వేయలేదు, గోడ కట్టలేదు. మరి ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నట్లు?

ఈ ఏర్పాటును వర్చువల్ లాన్ అనీ, పొట్టిగా వీలాన్ అనీ అంటారు. సాంకేతిక పదాలకు తెలుగు వెతుక్కునే అలవాటు మనలో చాలామందికి ఉంది కనుక, దీన్నేమనాలా అని నేనూ ఆలోచించాను. "మిథ్యా జాలం" అని ఒక మిత్రుడు సూచించారు. వేదాంతపు వాసన బాగుంది గానీ, మిథ్య అనగానే తాడును చూసి పామనుకోవడం గుర్తుకు వస్తుంది. దీపం తెస్తే ఆ పాము పోతుంది. ఈ గీత అలా పోయే రకం కాదు. అందుకని నేను "కల్పిత జాలం" అంటాను. ఆ మాటనే ఎందుకు పట్టుకున్నానో చెప్పాలంటే ఈథర్‌నెట్ కథను మొదటినుంచీ చెప్పుకోవాలి. మిత్రులు కాస్త ఓపిక పట్టగలరు.

ఆకాశం

హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్‌సన్ బృందం నిర్మించిన అలోహా నెట్ 1971 జూన్‌లో పని ప్రారంభించింది. ద్వీపాల మధ్య సముద్రం ఉంది, టెలిఫోను తీగలు ఖరీదు. కనుక దూరద్వీపాల్లోని టెర్మినళ్ళు రేడియో ద్వారా కేంద్రంలోని కంప్యూటరుతో మాట్లాడేవి. వాటన్నిటికీ దొరికింది ఒకే ఒక్క రేడియో మార్గం. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పెద్దమనిషి లేడు. చెప్పదలచుకున్నవాడు చెప్పేయడమే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి. అవతలినుంచి "అందింది" అన్న జవాబు రాకపోతే, కొంతసేపు ఆగి మళ్ళీ చెప్పాలి. ఆ "కొంతసేపు" ఎంతన్నది పాచికలు వేసినట్లు యాదృచ్ఛికంగా తేల్చుకోవాలి. ఎంత సులభమైన పద్ధతో అంత దుబారా కూడా. ఆ మార్గపు శక్తిలో 18 శాతానికి మించి సద్వినియోగం కాదని గణితం తేల్చింది.

ఈ పద్ధతిని చదివి, దాని లోపాన్ని తన డాక్టరేటు పరిశోధనలో విశ్లేషించినవాడు రాబర్ట్ మెట్‌కాఫ్. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో, ఆల్టో అనే కొత్త కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పని ఆయనకు అప్పగించారు. 1973 మే 22న ఆయన రాసిన అంతర్గత పత్రంలో "ఈథర్" అన్న పేరు కనిపిస్తుంది. అదే ఏడాది నవంబరు 11న ఆయనా, డేవిడ్ బాగ్స్ కలిసి నిర్మించిన జాలం మొదటిసారి పనిచేసింది. దాని వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఈ వింత అంకె ఆల్టో గడియారపు 170 నానోసెకన్ల టిక్కు నుంచి పుట్టింది. రెండు టిక్కులకు ఒక బిట్టు చొప్పున లెక్కకడితే వచ్చేది అదే.

ఈథర్ అన్న పేరులో చిన్న చమత్కారం ఉంది. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతటా నిండిన ఒక పదార్థం ఉండాలని పందొమ్మిదో శతాబ్దపు భౌతికశాస్త్రం నమ్మింది. దాని పేరు ఈథర్. 1887లో మైకెల్సన్, మోర్లే చేసిన ప్రయోగంలో దాని జాడ దొరకలేదు. లేదని తేలిన పదార్థపు పేరును మెట్‌కాఫ్ తన తీగకు పెట్టుకున్నాడు. అంతటా నిండి, అందరి మాటలనూ మోసే మాధ్యమం అన్న అర్థంలో. మన తార్కికులు శబ్దాన్ని ఆకాశపు గుణంగా చెప్పారు. ఆ లెక్కన ఈథర్‌నెట్‌ను "ఆకాశజాలం" అన్నా తప్పులేదు.

అలోహా మీద మెట్‌కాఫ్ చేసిన మెరుగుదల మర్యాద తెలిసిన సభలో మాట్లాడే తీరు వంటిది. మాట్లాడబోయేముందు వినాలి. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగాలి. తాను మాట్లాడుతున్నంతసేపూ కూడా చెవి ఒగ్గే ఉండాలి. ఇద్దరి మాటలు ఢీకొన్నాయని తెలియగానే ఇద్దరూ ఆపి, ఎవరికి తోచినంతసేపు వారు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి. మళ్ళీ ఢీకొంటే ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

1980 సెప్టెంబరులో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణాన్ని ప్రకటించాయి. ఒక్కొక్క యంత్రానికి 48 బిట్ల చిరునామా అన్న నియమం దానిలో ఉన్నదే. 48 బిట్లంటే 281 లక్షల కోట్ల చిరునామాలు. గదిలో పది కంప్యూటర్లున్న రోజుల్లో ఈ అంకె అతిశయోక్తిలా తోచి ఉండాలి. ఆ దూరదృష్టి వల్లనే ఈనాటి ఫోన్లకూ, టీవీలకూ అదే చిరునామా పద్ధతి సరిపోతున్నది. 1983లో ఐ-ట్రిపుల్-ఈ సంఘం దీన్ని 802.3 అన్న సంఖ్యతో ప్రమాణంగా ఆమోదించింది. మెట్‌కాఫ్‌కు 2022 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ఈ పనికే దక్కింది.

ఒకే తీగ, అందరి చెవులు

తొలినాటి ఈథర్‌నెట్ తీగ బొటనవేలంత లావు, సాధారణంగా పసుపుపచ్చ రంగు. ఒక ముక్క 500 మీటర్లు దాటరాదు. ప్రతి 2.5 మీటర్లకూ ఒక గుర్తు ఉంటుంది, యంత్రాన్ని ఆ గుర్తు దగ్గరే తగిలించాలి. తగిలించేది కోరలాంటి మేకున్న బిగింపుతో. అది తీగ తొడుగును పొడుచుకుని లోపలి రాగిని తాకుతుంది. దాన్ని "రక్తపిశాచి" అని పిలిచేవారు. తరువాత వచ్చిన సన్నతీగ చవక, సులువు. కానీ దాని గరిష్ఠ దూరం 185 మీటర్లే. ఎవరైనా తెలియక మధ్యలో ఒక ముడి విప్పితే ఆ వరుసలోని వారందరికీ జాలం పోయేది.

1990లో టెలిఫోను తీగల వంటి మెలితిప్పిన జంటతీగల మీద ఈథర్‌నెట్ నడిచే ప్రమాణం వచ్చింది. ప్రతి యంత్రం నుంచీ ఒక తీగ మధ్యలోని హబ్ అనే పెట్టెకు చేరుతుంది. ఒక తీగ తెగితే ఒక్కరికే నష్టం. కానీ ఆ పెట్టె లోపల మార్పేమీ లేదు. ఒక పోర్టులో వచ్చిన మాటను మిగిలిన అన్ని పోర్టుల్లోనూ వల్లించడమే దాని పని. చూపుకు నక్షత్రం, ప్రవర్తనకు పాత పసుపుతీగే.

ఇక్కడ రెండు సమస్యలున్నాయి. మొదటిది వేగం. ఆ 10 మెగాబిట్లనూ అందరూ పంచుకోవాలి. పదిమంది ఉన్నప్పుడు సరే, రెండువందల మంది అయితే సభ కాస్తా సంత అవుతుంది. రెండవది గోప్యత. ఎవరి మాటైనా అందరి యంత్రాల గుమ్మం దాకా వస్తుంది. నాది కాదని వదిలేయడం యంత్రపు మర్యాద మాత్రమే. మర్యాద మానుకున్న యంత్రం అన్నీ వినగలదు.

వంతెనా, చెట్టూ

వేగపు సమస్యకు మొదటి పరిష్కారం బ్రిడ్జి, అంటే వంతెన. రెండు తీగల మధ్య నిలబడి, ఈ ఒడ్డున ఎవరెవరున్నారో, ఆ ఒడ్డున ఎవరెవరున్నారో తనంతట తానే నేర్చుకునే పెట్టె అది. నేర్చుకునే విధానం ముచ్చటగా ఉంటుంది. ప్రతి ఫ్రేములోనూ, అంటే తీగ మీద పోయే ప్రతి సమాచారపు మూటలోనూ, చేరవలసినవారి చిరునామాతో పాటు పంపినవారి చిరునామా కూడా ఉంటుంది. "ఫలానావాడి ఉత్తరం ఈ ఒడ్డునుంచి వచ్చింది కనుక వాడు ఈ ఒడ్డునే ఉంటాడు" అని వంతెన పట్టికలో రాసుకుంటుంది. తరువాత వాడికి ఉత్తరం వస్తే ఆ ఒడ్డుకే పంపుతుంది. పట్టికలో లేనివాడికి వస్తే అన్నివైపులకూ పంపుతుంది. కొంతకాలం మాట వినబడనివాడిని మరచిపోతుంది. ఈనాటి స్విచ్చి కూడా చేసే పని ఇంతే.

కానీ ఈ వంతెనలకు ఒక ప్రాణాంతకమైన బలహీనత ఉంది. రెండు తీగల మధ్య పొరపాటున రెండు వంతెనలు పడితే దారి చక్రమవుతుంది. అందరికీ చాటవలసిన ఒక ఫ్రేము ఈ వంతెన మీదుగా వెళ్ళి ఆ వంతెన మీదుగా తిరిగి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ఇంటర్నెట్ ప్యాకెట్టుకు ఆయుర్దాయం ఉంటుంది, ఒక్కొక్క మజిలీలో ఒకటి తగ్గి చివరకు నశిస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు అలాంటి ఆయుర్దాయం లేదు. అది చావులేని ప్రేతంలా తిరుగుతూనే ఉంటుంది. క్షణాల్లో జాలమంతా దానితోనే నిండిపోతుంది.

దీనికి విరుగుడు కనిపెట్టింది డిజిటల్ సంస్థలో పనిచేసిన రాడియా పెర్ల్‌మన్ అనే గణితవేత్త. ఆమె 1985లో ప్రచురించిన పద్ధతిలో వంతెనలు తమలో తాము సంప్రదించుకుని ఒకదాన్ని వేరుగా ఎన్నుకుంటాయి. ప్రతి వంతెనా ఆ వేరును చేరే అతి దగ్గరి దారిని ఉంచుకుని, చక్రం పడగల దారులను తాత్కాలికంగా మూసివేస్తుంది. మిగిలేది చెట్టు, కొమ్మలేగానీ చక్రాలుండవు. ఒక కొమ్మ విరిగితే మూసిన దారుల్లో ఒకటి తెరుచుకుంటుంది. ఆలోచన తట్టడానికి ఒక్కరోజే పట్టిందనీ, వారంలో మిగిలిన సమయంలో ఆ పద్ధతి మీద ఒక పద్యం రాశాననీ ఆమె తరువాత చెప్పుకున్నారు. ఆ పద్యం ఆమె శాస్త్రవ్యాసంలోనే అచ్చయింది. శాస్త్రగ్రంథాలను పద్యాల్లో రాసుకున్న మనకు ఇది వింతగా తోచకూడదు. 1990లో ఈ పద్ధతి 802.1డి అన్న ప్రమాణంలో చేరింది.

కల్పన

1990 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని ఒక చిన్న సంస్థ ఏడు పోర్టులున్న ఈథర్‌స్విచ్ అనే పెట్టెను విపణిలోకి తెచ్చింది. బహుళ పోర్టులున్న తొలి ఈథర్‌నెట్ స్విచ్చిగా చరిత్ర దాన్నే గుర్తుంచుకుంది. ఆ సంస్థ స్థాపకులు భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లేర్. సంస్థ పేరు కల్పన! భరద్వాజ్ భార్య పేరు అది.

లోపలి సూత్రం వంతెనదే అయినా స్విచ్చి రెండు విషయాల్లో భిన్నమైనది. ఒకటవ పోర్టువాడు రెండవ పోర్టువాడితో మాట్లాడుతున్నప్పుడే, మూడవవాడు నాల్గవవాడితో మాట్లాడవచ్చు. ఎవరి 10 మెగాబిట్లు వారివే. రెండవది, ఫ్రేము మొత్తం చేరేదాకా ఆగకుండా మొదటి ఆరు బైట్లు, అంటే చేరవలసిన చిరునామా, చదవగానే దాన్ని అవతలి పోర్టుకు తోసేయడం మొదలుపెట్టేది. కవరు మీది చిరునామా చదువుతూనే ఉత్తరాన్ని సంచిలో వేసే తపాలా గుమాస్తా పనితనం వంటిది. 1994లో సిస్కో సంస్థ కల్పనను కొనివేసింది. అంతకు ముందటి ఏడు క్రెసెండో అనే మరొక స్విచ్చి సంస్థను కొన్నది.

1997లో ఒకే తీగ మీద ఏకకాలంలో పంపడం, అందుకోవడం రెండూ జరిగే పద్ధతి ప్రమాణమయింది. స్విచ్చి పోర్టుకు ఒకే యంత్రం ఉంటే ఇక ఢీకొనడానికి రెండో గొంతు లేదు. మెట్‌కాఫ్ రూపొందించిన సభామర్యాద అవసరమే తీరిపోయింది. ఈనాటి ఈథర్‌నెట్‌లో మిగిలింది ఆ పేరూ, ఆ చిరునామా, ఆ ఫ్రేము రూపమూ మాత్రమే.

దండోరా

అయినా ఒక పాత అలవాటు పోలేదు. 48 బిట్లూ ఒకట్లే అయిన చిరునామా ఒకటుంది. అది "అందరికీ" అన్న చిరునామా. దానికి వచ్చిన ఫ్రేమును స్విచ్చి విధిగా అన్ని పోర్టులకూ పంపాలి. ఊళ్ళో దండోరా వేసినట్లు. ఇది లేకపోతే జాలం నడవదు. ఒక కంప్యూటరు మరొకదానితో తొలిసారి మాట్లాడాలంటే "ఫలానా ఐపీ అంకె గలవారెవరు?" అని చాటించి, "నేనే, నా ఈథర్‌నెట్ చిరునామా ఇది" అన్న జవాబు తెచ్చుకోవాలి. ఈ పద్ధతి 1982 నాటిది. ప్రతి చాటింపునూ ప్రతి యంత్రమూ పని ఆపి వినాలి. నూరు ఇళ్ళ ఊళ్ళో దండోరా సదుపాయం, పదివేల ఇళ్ళ పట్నంలో అదే ఉపద్రవం.

దండోరా వినబడే పొలిమేరను చిన్నది చేయాలంటే మధ్యలో రూటరు పెట్టాలి. రూటరు చాటింపులను దాటనివ్వదు. కానీ 1980లలో రూటరంటే ఖరీదైనది, నిదానమైనది. బెల్‌కోర్ పరిశోధనాలయంలో డేవిడ్ సింకోస్కీ తల పట్టుకున్నది ఈ చిక్కుతోనే. ఆయన అంతకుముందు ఈథర్‌నెట్ మీద కంఠధ్వనిని పంపే ప్రయోగాలు చేశారు. టెలిఫోను వ్యవస్థంత విశాలంగా ఈథర్‌నెట్‌ను పెంచగలమా అన్నది ఆయన ప్రశ్న. ఒకే చెట్టు ఉంటే వేరు దగ్గర ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకని ఒకే తీగల మీద అనేక చెట్లు ఉండనిచ్చి, ఏ ఫ్రేము ఏ చెట్టుదో తెలియడానికి దానికి ఒక గుర్తు తగిలించాలని ఆయనా, చేజ్ కాటన్ కలిసి 1988లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించారు. చెట్లకు రంగులున్నాయనుకోండి. ఎర్రచెట్టు ఫ్రేము ఎర్రకొమ్మల మీదుగానే పోతుంది, పచ్చచెట్టుది పచ్చకొమ్మల మీదుగానే. ఈ రంగే తరువాత వీలాన్ నంబరయింది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. రంగుల ఆలోచన పుట్టింది పెద్ద జాలాన్ని నడపగలగడం కోసం. ఒకరి రహస్యం మరొకరికి తెలియకుండా కాపాడే తాళంగా అది పుట్టలేదు. ఆ బాధ్యతను తరువాతివాళ్ళం మనమే దాని మీద పెట్టాం.

నాలుగు బైట్ల చీటీ

1990లలో ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క విధంగా రంగులద్దాడు. సిస్కో తన ఐ.ఎస్.ఎల్. పద్ధతిలో ఫ్రేము మొత్తాన్నీ 30 బైట్ల కొత్త కవరులో పెట్టేది. ఒకరి కవరును మరొకరు విప్పలేరు. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ఈ గందరగోళాన్ని తీర్చింది. అది కవరు జోలికి పోకుండా, ఫ్రేము లోపలే పంపినవారి చిరునామా తరువాత నాలుగు బైట్ల చీటీని అతికించింది. మొదటి రెండు బైట్లూ "ఇది చీటీ" అని చెప్పే గుర్తు. మిగిలిన 16 బిట్లలో మూడు ప్రాధాన్యానికి, ఒకటి ఇతర సూచనకు, పన్నెండు వీలాన్ నంబరుకు. పన్నెండు బిట్లకు 4096 అంకెలు. సున్నానూ, చివరి 4095నూ పక్కన పెడితే వాడుకకు దొరికేవి 4094. ఫ్రేము గరిష్ఠ పరిమాణం ఈ చీటీ వల్లనే 1518 బైట్ల నుంచి 1522కు పెరిగింది.

ఇప్పుడు మొదట చెప్పిన అయిదు వరుసలకు అర్థం తెలుస్తుంది. ఏడో పోర్టు "యాక్సెస్" పోర్టు, అంటే ఒకే విభాగపు గుమ్మం. అక్కడి కంప్యూటరుకు చీటీల సంగతే తెలియదు. దాని ఫ్రేము గుమ్మం దాటగానే స్విచ్చి దాన్ని ఇరవయ్యో విభాగానిదిగా ఎంచుతుంది, ఇరవయ్యో విభాగపు గుమ్మాలకే చేరవేస్తుంది. దండోరా కూడా ఆ గుమ్మాలకే పరిమితం. రెండు స్విచ్చిలను కలిపే తీగ మాత్రం "ట్రంకు". దాని మీద అన్ని విభాగాల ఫ్రేములూ ఎవరి చీటీతో వారు ప్రయాణిస్తారు. ఒకే బస్సులో రకరకాల టిక్కెట్లవారు ఎక్కినట్లు. చీటీ లేకుండా ట్రంకు ఎక్కినవారిని ఏ విభాగంలో చేర్చుకోవాలో ముందే రాసి ఉంచాలి. ఏమీ రాయకపోతే ఒకటో నంబరులో చేర్చుకుంటారు.

కనుక గీత ఎక్కడుందన్న నా ప్రశ్నకు సమాధానం ఇది: స్విచ్చి జ్ఞాపకంలోని ఒక వాక్యంలో. మెట్‌కాఫ్ రోజుల్లో పొలిమేర తీగ పొడవులో ఉండేది, మీటర్లలో కొలవగలిగేవాళ్ళం. ఇప్పుడది రాతలో ఉంది. తీగ తెగితే కళ్ళకు కనిపిస్తుంది. రాతలో ఒక్క మాట పోతే ఎవరికీ కనిపించదు.

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థవారి దూరపు శాఖలో ముప్పయ్యో నంబరు విభాగాన్ని కొత్తగా చేర్చవలసి వచ్చింది. రాత్రి పది దాటాక నా ఊళ్ళోనే కూర్చుని, వారి ట్రంకు మీద అనుమతించే విభాగాల జాబితాలో 30ని చేర్చబోయాను. నేను కొట్టవలసింది "అలౌడ్ వీలాన్ యాడ్ 30". కొట్టింది "అలౌడ్ వీలాన్ 30". "యాడ్" అన్న మాట ఉంటే పాత జాబితాకు ముప్పయ్యి కలుస్తుంది. లేకపోతే పాత జాబితా పోయి ముప్పయ్యి ఒక్కటే మిగులుతుంది. ఎంటరు నొక్కగానే నా తెర బిగుసుకుపోయింది. నేను ఏ విభాగం గుండా ఆ స్విచ్చితో మాట్లాడుతున్నానో అది కూడా తెగిపోయింది మరి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. వారి బల్లల మీది ఫోన్లు కూడా అదే తీగ మీద నడిచేవి కనుక అవీ మూగవోయాయి.

చివరకు కాపలా ఉన్న పెద్దాయన సెల్‌ఫోను నంబరు సంపాదించి పిలిచాను.

"పెద్దాయనా, మెట్ల కింద గదిలో నల్లపెట్టె ఒకటి పచ్చదీపాలతో మెరుస్తుంటుంది. దాని కరెంటు తీసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టగలరా?"

"తీస్తే ఏమన్నా అయితే నన్నంటారేమో బాబూ!"

"అయ్యేది అయిపోయింది పెద్దాయనా. అంటే నన్నంటారు."

ఆయన తీసి పెట్టారు. నేను మార్చినదాన్ని ఇంకా భద్రపరచలేదు కనుక, స్విచ్చి నిద్రలేచి పాత రాతనే చదువుకుని ఎప్పటిలా పనికి దిగింది. ఆ రోజునుంచి దూరపు స్విచ్చిలో ఏదైనా మార్చేముందు, "పదినిమిషాల్లో నా మాట వినకపోతే నీ అంతట నువ్వే మళ్ళీ మొదలవు" అన్న ఆదేశం ముందుగా ఇచ్చి ఉంచుతున్నాను. పని సజావుగా ముగిస్తే ఆ ఆదేశాన్ని రద్దుచేస్తాను.

బోస్టన్‌లో నాలుగు రోజులు

నా తప్పు అరగంటలో తీరింది. గీతలను పట్టించుకోకుండా జాలాన్ని పెరగనిస్తే ఏమవుతుందో 2002 నవంబరులో బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో తెలిసింది. ఆ జాలం అవసరం వచ్చినప్పుడల్లా ఒక స్విచ్చి, మరొక స్విచ్చి అంటూ అంచెలంచెలుగా పెరిగింది. పెర్ల్‌మన్ చెట్టుకు ప్రమాణం సూచించిన లోతు ఒక కొసనుంచి మరొక కొసకు ఏడు వంతెనలు. అక్కడ కొన్ని దారులు ఆ హద్దును దాటిపోయాయి. ఒకరోజు పెద్ద ఎత్తున సమాచార ప్రవాహం వచ్చిపడగానే వంతెనల మధ్య సంప్రదింపులు సకాలంలో అందలేదు. మూసి ఉండవలసిన దారులు తెరుచుకున్నాయి, చక్రం పడింది. ఆసుపత్రి దాదాపు నాలుగు రోజులు కాగితాలకు మళ్ళింది. పరీక్షల ఫలితాలను మనుషులు చేతపట్టుకుని పరుగెత్తి అందించారు. కాగితం మీద మందులచీటీ రాయడం ఎరగని యువవైద్యులకు పెద్దవారు దగ్గరుండి నేర్పారు.

ఆ ఆసుపత్రికి అప్పటి సమాచార విభాగాధిపతి జాన్ హలామ్‌కా స్వయంగా వైద్యుడు. ఆయన ఈ సంగతిని దాచిపెట్టలేదు. ఏమి తప్పు జరిగిందో, ఎందుకు జరిగిందో బహిరంగంగా చెప్పారు, ఇతర ఆసుపత్రులవారు తమ జాలాలను సరిచూసుకోవాలని కోరారు. తప్పును పదిమందికీ చెప్పి పాఠంగా మలచడం ఈ రంగంలో అరుదు. ఆ నాలుగు రోజుల కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

ఆ తరువాతి కాలంలో పొలిమేరలు గీయడం మరింత పెరిగింది. వేలమంది ఖాతాదారుల యంత్రాలను ఒకే భవనంలో ఉంచే డేటా కేంద్రాలకు 4094 గీతలు చాలలేదు. 2014లో వెలువడిన వీఎక్స్‌లాన్ పద్ధతి ఆ నంబరును 24 బిట్లకు పెంచింది, అంటే కోటీ అరవై ఏడు లక్షలకు పైగా. అయినా సూత్రం అదే, ఫ్రేముకొక చీటీ, చీటీని గౌరవించే యంత్రాలు. ట్రంకు మీద చీటీ లేనివారి విభాగాన్ని అజాగ్రత్తగా రాస్తే, ఒకదాని లోపల ఒకటిగా రెండు చీటీలు అంటించి పక్క విభాగంలోకి ఫ్రేము జారవిడిచే టక్కరులూ ఉన్నారు. సింకోస్కీ రంగులు తాళాలుగా పుట్టలేదన్నది ఇలాంటప్పుడు గుర్తుకు రావాలి.

ఇక మొదట అనుకున్న మాట దగ్గరకు వస్తాను. కల్పన అంటే మనకు వెంటనే తోచేది ఊహ, ఇంకా తేలికగా అంటే అబద్ధం. కానీ ఆ సంస్కృత ధాతువుకు ఏర్పరచడం, తగినట్లు అమర్చడం అన్న అర్థాలున్నాయి. వసతి కల్పించడం, అవకాశం కల్పించడం అని మనం రోజూ అనేది ఆ అర్థంలోనే. వీలాన్ గీత ఆ విధంగా కల్పితమైనది. ఎవరో ఒకరు అమర్చారు కనుక ఉంది, అమర్చినదాన్ని ఎవరో ఒకరు చూసుకుంటున్నంతకాలం ఉంటుంది. తొలి స్విచ్చిని చేసిన సంస్థకు ఆ పేరుండటం కేవలం కాకతాళీయమే. అయినా "కల్పిత జాలం" అన్న మాటను నేను వదలలేకపోవడానికి అది కూడా ఒక కారణం.

చాలా స్విచ్చిల్లో పోర్టు పక్కన ఒక వరుస వ్యాఖ్య రాసుకునే వీలుంటుంది. పాతకాలపు స్విచ్చిలను తెరిచి చూస్తే చాలాసార్లు ఆ చోటు ఖాళీగానే కనిపిస్తుంది. ఆ గీత గీసినవారు వెళ్ళిపోయారు, ఎందుకు గీశారో వారితోపాటే వెళ్ళిపోయింది. తరువాత వచ్చినవారు భయంతో దాన్ని ముట్టుకోరు, లేదా తెలియక చెరిపేస్తారు. నేను మాత్రం ఇప్పుడు ప్రతి గీతకూ ఎవరి కోసం, ఎందుకు, ఏ సంవత్సరంలో అన్నది ఆ వరుసలో రాసి మరీ లేస్తున్నాను.